పాతిన రోలు, కదిలే కుంపటి



మొన్నామధ్య మా చెల్లెలి కూతురు ఫోను చేసింది. వాళ్ళు కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నారు. వంటిల్లు ఇంకా గోడల దశలోనే వుంది. "పెద్దమ్మా! గ్యాసు పొయ్యి గట్టులోకి దించి బిగించే హాబ్ పెట్టించమంటావా, మామూలు స్టవ్ చాలంటావా? ఓవెను గోడలోకి అమర్చేస్తానంటున్నాడు వంటింటి పని చేసే అతను. ఫ్రిజ్జు కూడా బీరువాల వరసలో కలిసిపోయేటట్లు చేస్తాడట. రెండు రోజుల్లో తేల్చి చెప్పకపోతే కరెంటు పాయింట్ల పని ఆగిపోతుందట" అంది. "రెండు రోజులు కాదు గాని ఒక వారం ఆగమను" అన్నాను నేను. ఆ వారం రోజుల్లో చదివినవీ, గుర్తుకు తెచ్చుకున్నవీ కలిపి ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన షోకు ప్రశ్న అని కొట్టిపారెయ్యకండి. వంటింట్లో ఏది పాతి పెట్టాలి, ఏది కదిలేటట్లు వుంచుకోవాలి అనే ప్రశ్న పొయ్యి ఎంత పాతదో అంత పాతది. మన అమ్మమ్మల వంటిల్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆగ్నేయ మూల మట్టి పొయ్యి. దాని ప్రక్కనే, మిగిలిన వేడి వృథా పోకుండా పప్పుగిన్నె పెట్టుకోవడానికి ఇంకో చిన్న పొయ్యి. పెరటి వసారాలో పిడకల దాలి. పాలకుండ దాని మీద పొద్దుటినుంచీ కాగి కాగి, ఎర్రటి మీగడ కట్టేది. దాని ప్రక్కన నేలలో పాతిన రోలు. గోడల్లో గూళ్ళు, పైన అటక. ఇవన్నీ ఇంటితో పాటు కట్టినవే. ఇల్లు మారితే ఇవి మనతో రావు.

అదే ఇంట్లో కదిలే సామానూ వుండేది. కుంపటి వుంది. వానాకాలం వసారాలోకి, బాలింతరాలి గదిలోకి, చుట్టాలొస్తే పెరట్లోకి ఎక్కడికి కావలిస్తే అక్కడికి చేత్తో పట్టుకుపోయేవారు. సన్నికల్లు వుంది. అది పెళ్ళిపందిట్లోకి కూడా వెళ్ళి వచ్చేది. ఉట్టి వుంది. తిరగలి వుంది. అంటే కట్టినవీ కదిలేవీ రెండూ వుండేవి. ఏది ఏ పనికి అన్నది ఇంటి ఇల్లాలికి తెలుసు.

ఇక్కడొక సంగతి గమనించండి. మట్టిపొయ్యి పాతినదే అయినా, దాన్ని వేసింది ఎవరు? తాపీమేస్త్రి కాదు, ఇల్లాలే. బంకమన్నూ ఊకా పేడా కలిపి ఆవిడే పొయ్యి వేసుకునేది. తన గిన్నె అంచుకి సరిపడా, తన చెయ్యి అందేటంత ఎత్తున. గిన్నె మారితే గుమ్మటాలు కొట్టేసి మళ్ళీ వేసుకునేది. రోజూ అలికి ముగ్గు పెట్టేటప్పుడే బీటలు పూడ్చేది. కాబట్టి స్థిరంగా వున్నా అది ఆవిడ చేతిలో వస్తువే. ఆ చెయ్యి మారిన తరవాతే ఈ ప్రశ్నకు చిక్కు వచ్చి పడింది. ఆ చెయ్యి ఎప్పుడు, ఎక్కడ మారిందో చూద్దాం.

ఐరోపాలో పొయ్యిని శాస్త్రంగా ఆలోచించిన తొలివాళ్ళలో ఒకడు బెంజమిన్ థాంప్సన్. అమెరికాలో 1753లో పుట్టి, ఆ దేశ స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ పక్షాన చేరి, తరవాత జర్మనీలోని బవేరియా ప్రభువు కొలువులో పెద్ద పదవికి వచ్చాడు. కౌంట్ రంఫర్డ్ అనే బిరుదు సంపాదించాడు. మ్యూనిక్ నగరంలో బీదవాళ్ళ శాలలకు వంట చేయించవలసి వచ్చినప్పుడు, బాహాటంగా మండే మంటలో వేడి అంతా గాలికి పోతున్నదని గ్రహించాడు. ఇటుకలతో పొయ్యి కట్టించి, ప్రతి గిన్నెకూ విడిగా ఒక గుంట, దానికింద విడిగా చిన్న మంట, గాలి తగ్గించడానికీ పెంచడానికీ తలుపూ పెట్టించాడు. కట్టెలు బాగా కలిసొచ్చాయి. అయితే అది వందలమందికి వండే శాలకు సరిపోయింది గాని, మామూలు ఇంటికి పట్టలేదు. ఇటుక పొయ్యి ఇంట్లో కట్టించాలంటే మేస్త్రి కావాలి, చోటు కావాలి, ఇల్లు సొంతమై వుండాలి.

మామూలు ఇళ్ళలో గెలిచింది పోత ఇనప పొయ్యి. అమెరికాలో 1834లో ఓబర్లిన్ అనే పేరుతో ఒక పొయ్యికి హక్కుపత్రం తీసుకున్నారు. ఆ కాలంలో అక్కడి జనం పడమటి దిక్కుకు బళ్ళు కట్టుకుని వలస పోతున్నారు. అలాంటివాళ్ళకు నాలుగు కాళ్ళ మీద నిలబడే పొయ్యి ఎంత సుఖమో చెప్పాలా? బండిలో వేసుకోవచ్చు, కొత్త ఊళ్ళో దింపి గొట్టం తగిలిస్తే మర్నాటి రొట్టె సిద్ధం. ఇటుక పొయ్యి శాస్త్రం ఇనప పొయ్యిలో చేరి ఇల్లిల్లూ తిరిగింది.

అయితే ఇనప పొయ్యి వచ్చాక వంటింట్లో వస్తువులు ఎవరికి వాళ్ళుగా తలా ఒక మూల నిలబడ్డాయి. పొయ్యి ఒక గోడకి, బల్ల ఇంకో గోడకి, నీళ్ళతొట్టి పెరటివైపు, పిండిడబ్బా అవతల గదిలో. మధ్యలో తిరిగే కాళ్ళు మాత్రం ఒకరివే. ఈ మాట మొదట గట్టిగా పట్టించుకున్నావిడ కాథరిన్ బీచర్. 'అంకుల్ టామ్స్ కాబిన్' నవల వ్రాసిన హారియట్ బీచర్ స్టోవ్‌కి అక్కగారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళాడవలసిన యువకుడు 1822లో ఓడ మునిగి పోయాడు. ఆ తరవాత జీవితమంతా ఆడపిల్లల చదువుకీ, ఇంటి నిర్వహణ మీద పుస్తకాలకీ ఖర్చు పెట్టింది. 1869లో అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి అచ్చు వేసిన పుస్తకంలో వంటింటి పటం ఒకటి వుంది. అందులో ఆవిడ ఓడలో వంటగదిని ఉదాహరణగా తీసుకుంది. ఓడలో చోటు తక్కువ, తినేవాళ్ళు ఎక్కువ, అయినా వంటవాడు ఒకటి రెండడుగుల్లో అన్నీ అందుకుంటున్నాడు గదా, మరి ఇంట్లో ఆడది ఎందుకు నడిచి చావాలి అని ఆవిడ ప్రశ్న. అందుకని పిండిడబ్బాలూ, గట్టూ, నీళ్ళతొట్టీ ఒక వరసలో గోడకు బిగించింది. పొయ్యిని మాత్రం ఆ వరసలో పెట్టలేదు! అద్దాల తలుపులు అడ్డంపెట్టి ప్రక్కగదిలో వుంచింది, సెగా వాసనా పనిచేసే చోటికి రాకుండా. బిగించవలసినవి వేరు, విడిగా వుంచవలసినవి వేరు అని ఆవిడకి అప్పుడే తట్టిందన్న మాట.

తరవాత నలభై యాభై ఏళ్ళకు కార్ఖానాల్లో అడుగులు కొలిచే శాస్త్రం వచ్చింది. ఏ పనివాడు ఎన్నిసార్లు వంగాడు, ఎన్ని క్షణాలు పట్టింది అని గడియారం పెట్టి లెక్కకట్టేవారు. క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ 1912లో ఆ లెక్కను వంటింట్లోకి తెచ్చి ఒక స్త్రీల పత్రికలో వరసగా వ్యాసాలు వ్రాసింది. లిలియన్ గిల్‌బ్రెత్ అని ఇంకొకావిడ. పన్నెండుగురు బిడ్డల తల్లి, పెద్ద ఇంజనీరు. భర్త 1924లో హఠాత్తుగా పోతే ఆ సంసారాన్ని ఒంటిచేత్తో లాక్కొచ్చింది. గట్టు ఎత్తు అందరికీ ఒకటి కాదు, ఆ ఇంట్లో వండే మనిషి ఎత్తును బట్టి వుండాలి అని గట్టిగా చెప్పింది ఆవిడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇక అసలు కథ జర్మనీలో. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఇళ్ళకు కటకట. 1925లో నగర నిర్మాణ బాధ్యత తీసుకున్న ఎర్న్‌స్ట్ మే వేలాది చిన్న ఇళ్ళు కట్టించడానికి పూనుకున్నాడు. వంటింటి పని వియన్నానుంచి పిలిపించిన ఒక యువతికి అప్పగించాడు. ఆవిడ పేరు మార్గరెటె లిహోట్స్కీ, పెళ్ళి తరవాత షుట్టె-లిహోట్స్కీ. 1897లో పుట్టింది. ఆస్ట్రియాలో వాస్తుశిల్పం చదివిన తొలి స్త్రీలలో ఒకరు. 1926లో ఆవిడ గీసిన వంటిల్లే ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ అని లోకమంతా పేరు పొందింది. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అని మురిసిపోయేదానికి అదే తల్లి.

ఎంత గది అనుకున్నారు? వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అంటే దాదాపు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. రైలుబండిలో భోజనాల పెట్టెకు వుండే వంటగదిని చూసి ఆవిడ దీన్ని ఆలోచించింది. చూడండి, బీచరమ్మకి ఓడ, ఈవిడకి రైలు. ఆ గదిలో దాదాపు అంతా గోడకు బిగించినదే. కిటికీ కింద గట్టు, కూర్చుని తరుక్కోవడానికి తిరిగే పీట, గట్టులోనే తుక్కు తోసెయ్యడానికి సొరుగు. గిన్నెలు ఆరబెట్టుకునే చట్రం, గోడనుంచి కిందికి దించుకునే ఇస్త్రీ బల్ల. పప్పులకీ పంచదారకీ మూతి వున్న అల్యూమినియం సొరుగులు, వాటి మీద పేర్లు. పిండి సొరుగు మాత్రం ఓక్ కర్రతో చేయించింది, పురుగు పట్టదని. బీరువాలకు నీలం రంగు వేయించింది, నీలం రంగు మీద ఈగలు వాలవని అప్పట్లో నమ్మకం. సగం ఉడికిన కూర గిన్నెతో సహా దింపి మూతపెడితే తన వేడికి తనే ఉడికిపోయే పెట్టె కూడా గట్టులోనే అమర్చింది. ఫ్రిజ్జు లేదు. ఇలాంటి వంటిళ్ళు దాదాపు 10,000 కట్టారు.

ఈ మహాతల్లి ఇది గీసేనాటికి తను ఎన్నడూ సంసారం నడపలేదనీ, వంట చెయ్యలేదనీ తనే తరవాత చెప్పుకుంది. ఇదివిని నవ్వుకోకండి. ఆవిడ ఉద్దేశం మంచిదే. ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళకి ఇంటిపని తగ్గాలి, మిగిలిన సమయం తమకోసం వాడుకోవాలి అని. ఊరికే మాటలు చెప్పే మనిషీ కాదు. హిట్లర్ కాలంలో ఎదురు తిరిగి 1941లో పట్టుబడి, పదిహేనేళ్ళ శిక్ష పడి, యుద్ధం ముగిసి విడుదలయ్యేదాకా జైల్లో వుంది. 2000 జనవరిలో, నూటమూడో పుట్టినరోజుకు ఇంకా అయిదు రోజులుందనగా కన్నుమూసింది.

మరి ఆ ఇళ్ళలో కాపురానికి వచ్చిన ఆడవాళ్ళు ఏమన్నారు? అడుగులు తగ్గినమాట నిజం. కాని గది ఒక్కరికే సరిపోయింది. అత్తా కోడలూ, తల్లీ కూతురూ కలిసి నిలబడడానికి వీల్లేదు. పిల్లవాణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తూ వండుకునే పాత అలవాటు పోయింది. అమ్మలిచ్చిన పాత బీరువా తెచ్చుకుంటే పెట్టడానికి చోటు లేదు. పేర్లు వ్రాసిన సొరుగుల్లో వాళ్ళకు కావలసినవి వేరు. పైగా అవి చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో వున్నాయి! దాని ఖర్చు అద్దెలో కలిపారు కాబట్టి కావాలో వద్దో చెప్పే వీలూ లేదు. చాలా ఇళ్ళలో తరవాతి కాలంలో వాటిని పీకి పారేశారు. ఆ పీకగా మిగిలినవి ఇవాళ మ్యూజియాల్లో వున్నాయి. న్యూయార్కులో ఒకటి పెట్టారు. నాకు మాత్రం ఇందులో బిగించడం తప్పు అనిపించదు. బిగించేముందు వండుకునేవాళ్ళను అడగకపోవడమే తప్పు. మన మట్టిపొయ్యికీ దానికీ తేడా అదే.

ఇంకో తమాషా చెప్పాలి. వంటిల్లు గోడకు బిగించడం మొదలుపెట్టిన ఆ జర్మనీలోనే, అద్దె ఇల్లు ఖాళీచేసేటప్పుడు చాలామంది ఇప్పటికీ వంటిల్లంతా మరలూడదీసి లారీలో వేసుకుపోతారు. బీరువాలూ, గట్టూ, ఒక్కొక్కప్పుడు నీళ్ళతొట్టితో సహా. కొత్త అద్దెవాళ్ళు వచ్చేసరికి గోడలోంచి రెండు గొట్టాలూ నాలుగు తీగలూ మాత్రమే కనపడతాయి. అంటే బిగించిన వంటింటిని మళ్ళీ కుంపటిలాగా చేసుకున్నారు.

రెండో యుద్ధం తరవాత అమెరికాలో గోడలోకి అమర్చే ఓవెన్లూ, గట్టులోకి దిగే పొయ్యిలూ బయల్దేరాయి. వరసలు వరసలుగా కొత్త ఇళ్ళు కడుతున్న రోజులు. ఇల్లు కట్టేవాడికే యంత్రాలు వందల లెక్కన అమ్మితే కంపెనీకీ లాభం, ఇంటి అప్పులోనే యంత్రం ఖరీదూ కలిసిపోతుంది. ఈ వ్యవహారం మీద ఇద్దరు దేశాధినేతలంతటివాళ్ళు తగాదా పడ్డారంటే నమ్ముతారా? 1959 జూలై 24న మాస్కోలో, సోకోల్నికీ పార్కులో అమెరికావాళ్ళు ప్రదర్శన పెట్టారు. అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్ రష్యా నాయకుడు కృశ్చేవ్‌ని ఒక నమూనా ఇంటి వంటింటి ముందుకు తీసుకెళ్ళి, బట్టలుతికే యంత్రం చూపించి, ఇది నేరుగా ఇళ్ళలో బిగించడానికే వేలసంఖ్యలో తయారవుతున్నదని చెప్పాడు. ఆడవాళ్ళకి కష్టం తగ్గించడం మా ఉద్దేశం అన్నాడు. కృశ్చేవ్ ఊరుకుంటాడా? అన్నం నోట్లో పెట్టి లోపలికి తోసే యంత్రం కూడా వుందా అని వెక్కిరించాడు. మీ ఇళ్ళు ఇరవై ఏళ్ళే నిలుస్తాయట, మళ్ళీ కొత్తవి అమ్ముకోవడానికి. మేము పిల్లలకీ మనవలకీ నిలిచేటట్లు కడతాం అన్నాడు. ఇల్లు నిలుస్తుంది గాని, ఇరవై ఏళ్ళ తరవాత ఆడవాళ్ళకి కొత్త వంటిల్లు కావాలనిపిస్తుంది గదా అని నిక్సన్ జవాబు.

ఇద్దరూ కొంత నిజమే చెప్పారు. ఇల్లు యాభై అరవై ఏళ్ళు నిలుస్తుంది. యంత్రం పది పదిహేనేళ్ళు. ఈ రెండింటినీ సిమెంటుతో ముడిపెడితే, చిన్న ఆయుర్దాయం గలది పోయినప్పుడల్లా పెద్దదాన్ని పగలగొట్టుకోవాలి. అమెరికాలోనే కొందరు దీనికి ఉపాయం చూశారు. చక్రాల మీద దొర్లే గిన్నెలు తోమే యంత్రం చేశారు. ఇప్పుడు కొళాయికి రబ్బరు గొట్టం తగిలించుకుని వాడుకో, సొంత ఇల్లు కట్టుకున్నాక చక్రాలు తీసేసి గట్టు కింద బిగించుకో అని. అద్దె ఇళ్ళలో మగ్గిన మనబోటివాళ్ళకి ఇలాంటి బుద్ధి ఎంత ప్రియంగా వుంటుందో!

మన దేశానికి వద్దాం. ముందుగా మన హైదరాబాదు సంగతే చెప్పాలి, చాలామందికి తెలియదు. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు, పొగలేని పొయ్యి ఒకటి తయారుచేసి 1953లో దాని మీద పుస్తకం వేశారు. మట్టితో కట్టిన పొయ్యే. కాని గిన్నెలు వరసగా పెట్టుకునేటట్లు మంట లోపలినుంచే సాగుతుంది, పొగ గొట్టంలోంచి కప్పు పైకి పోతుంది. కళ్ళు మండకుండా, మసి పట్టకుండా వంట చేసుకోవచ్చు. వంటింటి పొగను దేశం మొత్తం సమస్యగా చూసిన మహానుభావుడాయన. తరవాత 1983లో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం పెద్దఎత్తున పెట్టింది. 2002లో ఆపేసేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేశారు. వాటిలో ఎన్నో మూలపడ్డాయి. పొయ్యి కన్నం ఒక కొలత, ఇంట్లో గిన్నె ఇంకో కొలత. గొట్టం మసితో పూడుకుపోతే దులిపే మనిషి లేడు. ఎవరో వచ్చి వేసి వెళ్ళిన పొయ్యి బీటలిస్తే, అలికి సరిచేసుకునే చొరవ ఇల్లాలికి లేకపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ కథే పల్లెటూళ్ళో మళ్ళీ జరిగింది.

పట్నాల్లో మాత్రం కదిలేదే గెలుస్తూ వచ్చింది. ఉద్యోగాలూ బదిలీలూ పెరిగినకొద్దీ కుంపటి, రంపపుపొట్టు పొయ్యి, ఆ తరవాత కిరోసిన్ స్టవ్. బెంగాలులో ఇందుమాధవ్ మల్లిక్ అనే డాక్టరుగారు 1910 ప్రాంతంలోనే ఇక్మిక్ కుక్కర్ అని ఒకటి చేశాడు. గిన్నె మీద గిన్నె పెట్టి కింద చిన్న బొగ్గుమంట వేస్తే అన్నం పప్పు కూర ఒకేసారి ఉడికిపోతాయి. ప్రయాణంలో తీసుకుపోవచ్చు. 1955లో బొంబాయిలో బర్షేన్ పేరుతో, 1965లో కలకత్తాలో ఇండేన్ పేరుతో గ్యాసు ఇళ్ళకు వచ్చింది. సిలిండరు కదిలేది, స్టవ్ కదిలేది. కదలనిదల్లా వాటిని నిలబెట్టిన గట్టు. ఆ గట్టుకి మన కడప నల్లరాయి దేశమంతా వెళ్ళింది. బొంబాయి వంటిళ్ళలో ఆ బండను ఇప్పటికీ కడప్పా అనే పిలుస్తారు.

ఫ్రిజ్జు సంగతి మరీ విచిత్రం. మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు 1958లో తయారీ మొదలుపెట్టారు. వంటిల్లు ఇరుకు, ఖరీదు ఎక్కువ, పైగా నలుగురికీ కనపడాలి. అందుకని అది హాల్లో నిలబడింది! పైన కుట్టుపని గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ, తలుపుకి తాళం. గోడలో బిగించేదే అయితే ఆ వైభవం దానికెక్కడిది?

రుబ్బురోలు కథ దీనికి తారుమారు. మేము అద్దెకున్న పాత ఇళ్ళలో వెనక వసారా మూల సిమెంటులో పాతిన రుబ్బురోలు వుండేది. ఇల్లు చూడడానికి వెళ్తే మా అమ్మ ముందు దాన్నే చూసేది. పొత్రం అరిగిందా, గుంట గరుకుగా వుందా అని చెయ్యి పెట్టి మరీ చూసేది. తరవాత కోయంబత్తూరువాళ్ళు రాతికి మోటారు తగిలించారు. మొదట అది మనిషి ఎత్తలేని బరువు, ఒకచోట పెడితే పెట్టినట్లే. తరవాత వంచి పిండి తీసుకునేది వచ్చింది. ఆ తరవాత గట్టు మీద పెట్టుకునేది. 1963లో మిక్సీ వచ్చింది. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశీ మిక్సరు మన పప్పుల ధాటికి కాలిపోతే, బాగు చేసే దిక్కులేక ఆయనే సుమీత్ తయారు చేశాడు. పాతిన రాయి మెల్లగా లేచి గట్టెక్కింది.

ఇక ఇప్పటి మాట. మా అమ్మాయి అడిగిన హాబ్ గురించి నా నెత్తిన పడ్డది చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నేనూ ముచ్చటపడి గ్రానైటు కోయించి, అద్దం పై పలక వున్న మూడు బర్నర్ల హాబ్ దింపించాను. చూడ్డానికి ఎంతో బాగుండేది. తుడవడం తేలిక. ఒకనాడు సాయంత్రం అద్దం ఫెటీలుమని పగిలింది. కంపెనీ మనిషి వచ్చి, ఆ రకం చెయ్యడం మానేశామండీ, అద్దం దొరకదు అన్నాడు. వేరేది కొందామంటే ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క కొలత. ఒకటి కన్నంలో పట్టదు, ఇంకొకటి కన్నంలోంచి జారిపోయేటట్లుంది. రాయి మళ్ళీ కోద్దామంటే, నీళ్ళతొట్టి దగ్గరగా వుంది, పలక విరుగుతుందని రాళ్ళపనివాడు చెయ్యి పెట్టలేదు. చివరికి ఆ కన్నం మీద నాపరాయి ముక్క పరిపించి, దాని మీద మామూలు రెండు బర్నర్ల స్టవ్ పెట్టుకున్నాను.

అయితే హాబ్‌ని ఉత్తినే తిట్టడం న్యాయం కాదు. స్టవ్ పెట్టిన నెల రోజులకే నాకు కుడిభుజం పీకడం మొదలైంది. ఎందుకా అని చూస్తే, గట్టు మీద స్టవ్, స్టవ్ మీద కుక్కరు, గరిటె తిప్పాలంటే మోచెయ్యి భుజం దాకా లేస్తోంది. హాబ్ వున్నప్పుడు గిన్నె కిందికి వుండేది. నా ఎత్తు అయిదడుగులకు లోపు. గిల్‌బ్రెత్ అమ్మగారు చెప్పిన మాట నాకు అప్పుడు తెలిసొచ్చింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. మామూలు ఫ్రిజ్జును బీరువాలో ఇరికించకండి. అది లోపలి వేడిని తీసి బయటికి పంపుతుంది. ఆ వేడికి దారి లేకపోతే మోటారు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. బిగించడానికని ప్రత్యేకంగా చేసిన ఫ్రిజ్జులకు గాలి దారులు వేరుగా వుంటాయి, ఖరీదూ వేరుగానే వుంటుంది. ఓవెను వారానికోసారైనా వాడనివాళ్ళు గోడ తవ్వించుకోవడం దేనికి? పొగ గొట్టం మాత్రం బయటికి వుండి తీరాలి, దానికి గోడలో కన్నం ఇల్లు కట్టేటప్పుడే వదలాలి. అమెరికాలో వున్న మన పిల్లల ఫ్లాట్లలో పొయ్యి, ఫ్రిజ్జు, గిన్నెల యంత్రం అన్నీ ముందే బిగించి వుంటాయి. చాలాచోట్ల పొయ్యి పైనున్న పంకా గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఇంగువ తాలింపు వేస్తే పొగగంట కూస్తుంది. పాపం, కిటికీ దగ్గర తువ్వాలు విసురుతూ వంట చేస్తారు. గిన్నెల యంత్రం మనవాళ్ళు కొందరికి తోమిన గిన్నెలు ఆరబెట్టుకునే బుట్ట.

వారం గడిచాక మా అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. గొట్టాలు, తీగలు, నీళ్ళతొట్టి, పొగ కన్నం, గట్టు ఇవి గట్టిగా, నువ్వు దగ్గరుండి చేయించుకో. యంత్రాల్ని మాత్రం సిమెంటులో కలపకు. స్టవ్ పెట్టే మూడడుగుల మేర గట్టును మిగతాదానికంటే అయిదారంగుళాలు కిందికి కట్టించు. అప్పుడు మామూలు స్టవ్ పెట్టినా గిన్నె హాబ్ మీద వున్నంత ఎత్తులోనే వుంటుంది, పాడైతే ఎత్తి అవతల పెట్టొచ్చు. అయితే ఆ ఎత్తు మేస్త్రిని అడక్కు. నీ పెద్ద కుక్కరూ, స్టవ్వూ అక్కడికి తీసుకెళ్ళు. ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టి, గరిటె పట్టుకుని తిప్పి చూసుకో అన్నాను.

"అక్కడ ఇంకా గోడలకి నీళ్ళు కొడుతున్నారు పెద్దమ్మా, కుక్కరు పట్టుకెళ్తే నవ్వుతారేమో!" అంది. నవ్వారట కూడా. తాపీమేస్త్రి ముందు నవ్వి, తరవాత ఇటుకలు తనే పేర్చాడట. మూడుసార్లు పేర్చి తీశాక ఆవిడ చెయ్యి సుఖంగా వున్నచోట గోడ మీద బొగ్గుతో గీత గీశారట. వాళ్ళాయన కూడా ఒకసారి గరిటె తిప్పి చూసి, నాకు రెండంగుళాలు పైకి కావాలన్నాడట. వారానికి రెండు రోజులు వంట ఆయనదే. ఆ రెండంగుళాల బేరం ఇంకా తెగలేదు.